రాయిదిబ్బ గౌరవ జవాబు కమిటీ

“పైనుంచి పిల్ల పిలిస్తే కిందనుంచి పలికేవోలు నేకపోతే ఏటవుతాది బాబూ?”

ఈ ప్రశ్న నేను అడిగేనాటికి మా శ్రావణి ఇంకా విమానం ఎక్కలేదు. ఆ మాటకొస్తే విమానం కూడా పూర్తిగా రాలేదు. రెక్కలు ఒక లారీలోనూ, తక్కిన శరీరం ఇంకో లారీలోనూ బయలుదేరి, గజపతినగరం దగ్గర రెండో లారీ టైరు పేలి ఆగిపోయిందని కబురు వచ్చింది. అయినా ముందుగానే అడిగాను. జరిగిపోయిన తరువాత భయపడేవాళ్ళు ఈ జిల్లాలో కావలసినంతమంది ఉన్నారు. జరగకముందే భయపడే పని కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. మా ఇంట్లో ఆ పని నాది.

నన్ను మరిడమ్మ అంటారు. రాయిదిబ్బలో ఎండు చేపల వ్యాపారం. మా ఆయన నూకయ్య వేటకు వెళతాడు. ఆయన వెళ్ళిన రోజు ఆయన కోసం భయపడతాను, వెళ్ళని రోజు ఇంట్లో బియ్యం కోసం భయపడతాను. మధ్యలో ఖాళీ ఉన్నప్పుడు మా శ్రావణి కోసం భయపడుతూ వచ్చాను. ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్లకి ఏదో పథకంలో విమానం నడిపే శిక్షణకు సీటు వచ్చేసరికి నాకు ఖాళీ అన్నది లేకుండా పోయింది.

అప్పట్లో, అంటే రెండు వేల పదిహేడులో, భోగాపురంలో పెద్ద విమానాశ్రయం వస్తుందని లోకమంతా అటే చూస్తూ ఉంది. అందరూ అటు చూస్తూ ఉండగా మా ఊళ్ళో చిన్నది వచ్చేసింది. వచ్చింది అనడం కూడా తప్పే. అది ఎప్పటినుంచో ఉన్నదే. పాతకాలం యుద్ధంలో తెల్లదొరల సిపాయిలు మా ఊరి పక్కన మైలు పొడుగున సిమెంటు నేల వేశారు. యుద్ధం అయిపోయింది, సిపాయిలు వెళ్ళిపోయారు, విమానాలను కూడా పట్టుకుపోయారు. నేలను మాత్రం పట్టుకుపోలేకపోయారు. ఇంత మంచి నేల ఊరికే ఎండలో పడి ఉండటం చూసి మా పెద్దలు బాధపడి, దాన్ని సద్వినియోగం చేశారు. చేపలవాళ్ళం చేపలు ఎండబెట్టుకున్నాం. రైతులు వడ్లు, చోళ్ళు, నువ్వులు ఎండబెట్టుకున్నారు.

ఈ ఏర్పాటు గురించి ఏ కాగితంలోనూ ఉండదు. కాగితంలో లేదు కాబట్టే డెబ్బయ్యేళ్ళుగా ఒక్క తగాదా లేదు. ఎవరి చోటు వారిది. తాత చోటు తండ్రికి, అత్త చోటు కోడలికి. నా చోటు మా అత్తగారు ఇచ్చినది. ఇసుకలో ఎండిన చేప పంటి కింద కరకరమంటుంది. రాయిదిబ్బ సిమెంటు మీద ఎండిన చేపకి శ్రీకాకుళం సంతలో ఉండే మర్యాద వేరు.

ఆ నేల మీదికే గగనవిహారి విమాన శిక్షణ కేంద్రం వారు వచ్చారు. వచ్చీ రాగానే ఒక చివర తెల్లరంగుతో మనిషి కన్నా పొడుగైన అంకెలు వేశారు, రెండు పక్కన మూడు. ఆ రెండు అంకె సరిగ్గా సూరయ్య బావ వడ్లు పోసే చోట పడింది. మూడు అంకె నా చోట పడింది. వచ్చినవాళ్ళు ఎంత మర్యాదస్తులో, మన హద్దులకి నంబర్లు కూడా వేశారని ఊరు సంతోషించింది. ఒప్పందం కూడా పెద్దమనుషుల సమక్షంలో జరిగింది. పొద్దున్న పది వరకూ విమానం, పది దాటాక వడ్లూ చేపలూ. ఇరుపక్షాలూ టీ తాగాయి.

పిల్లలకు నేర్పే ఆయన పేరు కెప్టెన్ యుగంధర్. విశాఖపట్నం మనిషి. ఇస్త్రీ నలగదు, గొంతు పెరగదు. తల్లిదండ్రులను కూర్చోబెట్టి అన్నీ వివరించాడు. నేను మొదట రాసిన ప్రశ్న అక్కడ వేసినదే. అప్పుడు మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ ఇది.

“ఇక్కడ టవర్ ఉండదమ్మా. దిగు, ఆగు అని చెప్పేవాళ్ళు ఉండరు. పైలటే తన పేరు, తనున్న చోటు, తను చేయబోయే పని రేడియోలో చెప్పుకోవాలి. దగ్గర్లో ఇంకెవరైనా ఎగురుతుంటే విని జాగ్రత్తపడతారు.”

“ఇని ఏటంతారు?”

“ఏమీ అనక్కర్లేదు. అవసరమైతే అంటారు.”

“అప్పుడు ఎవలూ ఎగరకపోతే?”

“అయినా చెప్పాలి.”

“ఎవలూ నేకపోతే ఎవులికి సెప్తాది?”

“ఎవరైనా ఉంటే వాళ్ళకమ్మా.”

“ఎవలూ పలక్కపోతే?”

“దారి ఖాళీగా ఉన్నట్టు. కళ్ళతో ఓసారి చూసుకుని దిగిపోవడమే.”

ఇలాంటి చోటును ఇంగ్లీషులో అన్‌కంట్రోల్డ్ అంటారట. అంటే ఎవరి అదుపూ ఉండదని. అది వినగానే కొంత కుదుటపడ్డాను. నేను పుట్టి పెరిగింది అలాంటి చోటే. మేమూ అర్జీల రోజున బస్సెక్కి కలెక్టరాఫీసుకి వెళ్ళి, బల్ల ముందు నిలబడి, పేరు, ఊరు, కష్టం వరసగా చెప్పుకుంటాం. ఎవరూ పలకరు. పలకలేదంటే దారి ఖాళీగా ఉన్నట్టు అర్థం చేసుకుని ఇంటికి వచ్చేస్తాం. మా పిల్లకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదనిపించింది.

కానీ మా ఆయన ఒప్పుకోలేదు. సముద్రం మీద పడవల్లోనూ ఇలాంటి రేడియో సెట్టు ఉంటుంది. అక్కడ రివాజు వేరు.

“ఎవుడు పిలిసినా ఇన్నోడు పలకాల. తెలిసినోడా, పగోడా అన్నది నేదు. ఇని కూడా పలకనోడి ఒలలో ఆ దినం సేప పడదు. గాల్లో ఈలకి ఆపాటి నీతి నేదేటి?” అన్నాడు నూకయ్య.

ఆయన ఆ మాట అనేసి వేటకి వెళ్ళిపోయాడు. నేను ఇంట్లో ఉండిపోయాను, ఆ మాట నాతో ఉండిపోయింది. పిల్ల పైనుంచి పిలుస్తూ ఉన్నట్టు, కింద అందరూ అన్నాలు తింటున్నట్టు రోజూ కళ్ళకి కట్టేది. ఇక ఉండబట్టలేక జగన్నాధం గారి ఇంటికి వెళ్ళాను.

జగన్నాధం గారి గురించి మీకు తెలియకపోవచ్చు. మీ ఊళ్ళోనూ ఒకరు ఉంటారు కాబట్టి వివరించను. నీటి సంఘానికీ, పాల సంఘానికీ, అమ్మవారి ఉత్సవ సంఘానికీ ఆయనే అధ్యక్షులు. చెరువు ఎండిపోయినా నీటి సంఘం మాత్రం ఇప్పటికీ నిండుగా ఉంది. ఆయన నా మాట శ్రద్ధగా విన్నారు.

“మన ఊరి ఆడపిల్ల ఆకాశంలోంచి పిలిస్తే పలికే దిక్కు లేదన్న అప్రతిష్ఠ రాయిదిబ్బకి రానివ్వను. దీనికో కమిటీ వేస్తాను” అన్నారు.

వారం తిరిగేసరికి రాయిదిబ్బ గౌరవ జవాబు కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు జగన్నాధం గారు. కార్యదర్శి మైకుసెట్టు ఈశ్వర్. పెళ్ళికీ చావుకీ ఒకే గొంతుతో ప్రకటన చెప్పగల ప్రతిభ ఈ చుట్టుపక్కల అతనికే ఉంది. రైతుల తరఫున సూరయ్య బావ. మత్స్యకార మహిళల తరఫునా, తల్లుల తరఫునా నేను. తొలి సమావేశంలో చేసిన తీర్మానం నాకింకా కంఠతా వచ్చు: ‘గగనతలమునుండి వచ్చు ఏ పిలుపునకైనను కమిటీ వారు తక్షణమే, సాదరముగా, సవివరముగా జవాబు ఈయవలెను.’

శిక్షణ కేంద్రం వారి రేకుల షెడ్డులో ఒక సెట్టు ఉండేది. ఆపద సమయంలో వాడటానికని పెట్టారు. ఆపద వచ్చేదాకా అది వాడకుండా ఉంటే, వచ్చిన రోజున పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుందని అధ్యక్షులవారు అడిగారు. కేంద్రం యజమాని షెడ్డు తాళం కమిటీకి ఇచ్చేశారు. ఆయన షెడ్డుకి కుళాయి కనెక్షను కాగితం జగన్నాధం గారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తూ ఉండటం కేవలం యాదృచ్ఛికం. రేడియోలో మాట్లాడాలంటే లైసెన్సు కావాలని కెప్టెన్ గారు ఒక మాట అని చూశారు.

“నలభై ఏళ్ళుగా మైకులో మాట్లాడుతున్నాను. ఇంతవరకూ ఎవడూ లైసెన్సు అడగలేదు” అన్నారు అధ్యక్షులు.

మొదటి రోజు నాకు ఇప్పటికీ గుర్తే. శ్రావణి, కెప్టెన్ గారు కలిసి పైకి వెళ్ళారు. కాసేపటికి సెట్టులోంచి మా పిల్ల గొంతు వచ్చింది, “రాయిదిబ్బ ట్రాఫిక్” అంటూ. రన్‌వే పక్కగా వస్తున్నాననీ, రెండు మలుపులు తిరిగి దిగుతాననీ ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఈశ్వర్ గొంతు సవరించుకుని బటన్ నొక్కాడు.

“హలో… హలో… మైక్ టెస్టింగ్… రాయిదిబ్బ ఆడపడుచు, చదువుల తల్లి ముద్దుబిడ్డ శ్రావణి గారికి, వారి గురువర్యులకి, గౌరవ జవాబు కమిటీ తరఫున స్వాగతం, సుస్వాగతం. ఈ శుభ సందర్భంలో అధ్యక్షులవారు తమ అమూల్యమైన సందేశాన్ని…”

సందేశం ఆరు నిమిషాలు సాగింది. “గాలికి హద్దులు లేవు, మా కమిటీకీ లేవు” అన్న చోట సూరయ్య బావ చప్పట్లు కొట్టాడు. విమానం మా షెడ్డు మీదుగా నాలుగుసార్లు తిరిగింది. మా జవాబుకి గౌరవసూచకంగా ప్రదక్షిణం చేస్తున్నారని అనుకున్నాం.

దిగాక కెప్టెన్ గారు వచ్చి చెబితే తెలిసింది. ఆ సెట్టుకి ఒక గుణం ఉంది. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ మిగతావారి మాట ఎవరికీ వినపడదు. ఆయన ఇది హెచ్చరికగా చెప్పారు. జగన్నాధం గారి ముఖంలో మాత్రం వెలుగు వచ్చింది. ఇటువంటి యంత్రం కోసమే ఆయన జీవితమంతా ఎదురుచూశారు.

అటు తరువాత జవాబులకు కొదవ లేకపోయింది. పిలుపు ఒకటి వస్తే జవాబులు మూడు వెళ్ళేవి. పిలుపు లేని పూట కూడా అలవాటు తప్పకూడదని జవాబు ఇచ్చేవారు. గ్యాసు బండి వచ్చిన సంగతి, పోలియో చుక్కల తేదీ, జగ్గమ్మ గారి ఎర్ర పెయ్య తప్పిపోయిన వైనం, పెద్దమనుషుల పుట్టినరోజులు, అన్నీ ఆకాశానికి తెలియజేశాం. పెయ్య సంగతి నిజంగా పనికొచ్చింది. పైనుంచి ఎవరో కొత్త పైలటు కుర్రాడు, వాగు అవతల జీడితోటలో ఎర్రగా ఏదో కనపడుతోందని చెప్పాడు. ఆ ఒక్క పెయ్య దొరకడంతో కమిటీ మీద ఊళ్ళో నమ్మకం స్థిరపడిపోయింది. కెప్టెన్ గారు ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ పెయ్య ముందు నిలవలేదు.

నేను మాత్రం సెట్టును ఎప్పుడూ ముట్టుకోలేదు. కరెంటు వస్తువంటే నాకు భయం. ఏమైనా ఉంటే ఈశ్వర్ చేత అడిగించేదాన్ని. ఒకరోజు పిల్ల ఖాళీ కడుపుతో వెళ్ళింది. గాల్లో ఉండగా అడిగించాను.

“శ్రావణి గారూ, మీ అమ్మగారు అడుగుతున్నారండి, ఉప్మా తిన్నారా, లేదా?” అన్నాడు ఈశ్వర్.

జవాబు ఇంటికి వచ్చాక వచ్చింది.

“అమ్మా, నీకు దండం ఎడతాను. నేను దిగే టైములో ఉప్మా ఏటే? అవతల నాతో నేర్సుకునే గోపి ఇంకో విమానంలో ఎదురొస్తన్నాడు. ఆడు ఎక్కడున్నాడో సెప్తుంటే మీ ఈశ్వర్ గొంతులో ములిగిపోయింది. నేను ఆడ్ని సూసాను కాబట్టి సరిపోయింది.”

“సూసావు కదే మరి.”

“సూడకపోతే?”

ఇలాంటి ప్రశ్నలు వేసే హక్కు మా ఇంట్లో నాకు మాత్రమే ఉండేది. పిల్ల దాన్ని కూడా నేర్చేసుకున్నందుకు కొంచెం గర్వపడి, మిగతా అంతా భయపడి, మర్నాడు కెప్టెన్ గారితో పాటు నేనూ జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళాను. కెప్టెన్ గారు ఈసారి ఉత్తరం రాయలేదు. చేతులు జోడించారు.

“అయ్యా, మీరు స్వాగతాలు చెప్పొద్దు. సందేశాలు వద్దు. మీ కమిటీ నిజంగా జవాబు చెప్పాలనుకుంటే ఒక్కటే చెప్పండి. దిగే ముందు పిల్లలు అడిగితే, రన్‌వే మీద ఏమైనా ఉందా, లేదా? ఉంటే ఏముంది? ఇంతే. ప్రాణం కాపాడే జవాబు అదొక్కటే.”

అంత తేలికైన పని అప్పగించినందుకు మేమంతా సంతోషించి ఇంటికి వెళ్ళాం. సాయంత్రానికి సంతోషం తగ్గింది. మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది.

విషయం లోతుగా చూస్తే అంత తేలిక కాదు. ఏమీ లేదని చెప్పామనుకోండి, ఈలోగా ఏ దూడో అడ్డం వస్తే ఆ మాట ఎవరు అన్నారని అడుగుతారు. ఉందని చెబితే ఏముందని అడుగుతారు. ఏముందో చెబితే ఎవరిదని అడుగుతారు. ఎవరిదో చెప్పామంటే అది మనవాళ్ళదే అయి ఉంటుంది. పది గంటల ఒప్పందం అప్పటికే కొంచెం సడలిందన్న సంగతి మీ దగ్గర దాచను. పది అన్నది తొమ్మిదిన్నర అయింది. ఎండ బాగున్న రోజున తొమ్మిది అయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగేవాడి చోట కూడా ఏదో ఒకటి ఎండుతూ ఉండేది.

“ఇది సాంకేతిక విషయం. తొందరపడకూడదు” అన్నారు అధ్యక్షులు.

“సొంత మనిసి వడ్ల మీద సాడీ సెప్పడానికేటి నాను కమిటీలో సేరింది?” అన్నాడు సూరయ్య బావ.

“స్వాగతం అయితే చెప్పగలనండి. సమాచారం నా వల్ల కాదు” అన్నాడు ఈశ్వర్.

నేనేమన్నాను? ఏమీ అనలేదు. వర్షాకాలం వస్తోంది. నా చోటు మూడు అంకె మీద ఉంది. తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించాం: ‘రన్‌వే పరిస్థితిని గూర్చి గగనతలమునుండి ప్రశ్న వచ్చినచో సభ్యులందరును శ్రద్ధగా వినవలెను.’

ఆ రోజు నుంచి సెట్టు చల్లబడిపోయింది. పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటూ దిగేవారు, మేము శ్రద్ధగా వినేవాళ్ళం. మేము బాగుపడ్డామని కెప్టెన్ గారు అనుకుని మెచ్చుకోలు ఉత్తరం రాశారు. అధ్యక్షులవారు దానికి అద్దం కట్టించారు. మీరు ఎప్పుడైనా వస్తే నీటి సంఘం ఆఫీసులో చూడవచ్చు.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు కడిగినట్టు ఎండ కాసింది. ఆ రోజే మా శ్రావణి మొదటిసారి ఒంటరిగా దూరం వెళ్ళి రావాలి. కొండల అవతల ఇంకో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ దిగి, కాగితం మీద సంతకం చేయించుకుని, మళ్ళీ ఇక్కడికి రావాలి. కెప్టెన్ గారు ముందే ఇంకో విమానంలో అక్కడికి వెళ్ళి ఆమె కోసం చూస్తూ ఉంటారు. ఏడింటికి బయలుదేరింది. ఎలా చూసినా పన్నెండు దాటితే గానీ తిరిగి రాదు. మధ్యలో ఇంకే విమానమూ లేదు.

ఏడింటి నుంచి పన్నెండు వరకూ ఖాళీ నేల, నాలుగు రోజుల ముసురు తరువాత ఎండ. ఇళ్ళల్లో వడ్లు ముక్కిపోతున్నాయి, చేపలు కుళ్ళుతున్నాయి. ఊరికి ఊరే కదిలింది. ఎనిమిదింటికల్లా ఆ చివర నేల కనపడలేదు. పదకొండున్నరకి ఎత్తేద్దామని అందరం అనుకున్నాం. నేను ఎనిమిది గంపల నెత్తళ్ళు, వేలెడంత వెండిరంగు చేపలు, పరిచాను. భయపడే పనికి ఆ పూట సెలవు పెట్టాను. పరిచిన తరువాత ఎండకి ఆగలేక షెడ్డులోకి వచ్చి మంచినీళ్ళు తాగుతున్నాను. అధ్యక్షులు, ఈశ్వర్, సూరయ్య బావ అప్పటికే నీడన కూర్చుని ఉన్నారు.

పదింపావుకి సెట్టు గరగరమంది.

“రాయిదిబ్బ ట్రాఫిక్…” అంటూ మా శ్రావణి గొంతు. ఇంగ్లీషులో చెప్పవలసింది చెప్పి, తరువాత తెలుగులోకి వచ్చింది. “కొండల మీద మబ్బు కమ్మేసింది. మధ్యలోంచి వెనక్కి తిరిగాను. మబ్బు నా వెనకే వస్తోంది. రాయిదిబ్బ, రన్‌వే మీద ఈ చివర ఏదో తళతళా మెరుస్తోంది. వాన నీళ్ళు నిలిచాయా? ఇంకేమైనానా? షెడ్డులో ఎవరైనా ఉంటే చెప్పండి.”

పచ్చి నెత్తళ్ళు ఎండలో పరిస్తే పైనుంచి నీటి మడుగులా కనపడతాయని నాకు తెలియదు. పైనుంచి నేనెప్పుడూ చూడలేదు. వాన నీళ్ళ మీద ఎలా దిగాలో పిల్లకి నేర్పారు. నూనె కారే చేపల మీద దిగడం ఏ పుస్తకంలోనూ ఉండదు. పైగా వాటి చుట్టూ కాకులు, గద్దలు ఒక వంద కాచుకుని కూర్చున్నాయి. చప్పుడు వింటే అన్నీ ఒక్కసారి లేస్తాయి.

షెడ్డులో నలుగురం ఉన్నాం. నలుగురం శ్రద్ధగా విన్నాం.

“ఈశ్వర్, కార్యదర్శివి నువ్వు. పలుకు” అన్నారు అధ్యక్షులు, మెల్లగా.

“తమరుండగా నేనా అండి?” అన్నాడు ఈశ్వర్. అని, సెట్టు మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

“నీల్లే అని సెప్పెయ్యరాదేటి?” అన్నాడు సూరయ్య బావ. “దిగిపోతాది. వడ్ల మీద బండెక్కితే పోయేవి వడ్లే కదా.” వెంటనే, “నా పేరు మాత్రం సెప్పకండి” అన్నాడు.

“అసలు ఏమీ చెప్పకపోతే ఎలా ఉంటుంది?” అన్నారు అధ్యక్షులు. “నియమం ఉంది కదా. ఎవరూ పలకకపోతే దారి ఖాళీ ఉన్నట్టు. మనం పలకలేదు. నియమం దాని పని అది చూసుకుంటుంది.”

నేనూ పలకలేదు. మీరు నమ్మరు. తల్లిని కదా, ఎగిరి దూకి ఉంటానని అనుకుంటారు. మా పిల్ల కోసం నేను భయపడనిది లేదు. ఇంజను ఆగిపోతుందని భయపడ్డాను, రెక్క విరుగుతుందని భయపడ్డాను, పిడుగు, గద్ద, గాలివాన, ఆఖరికి తలుపు గడియ ఊడిపోతుందని కూడా భయపడ్డాను. ఆ జాబితాలో ఎనిమిది గంపల నెత్తళ్ళు లేవు. ఉన్నాయని చెబితే ఆ నేల ఇక ఊరికి దక్కదు. మా అత్త నాకిచ్చిన చోటు నా నోటితోనే పోతుంది. సంతలో, రేవులో, బోరింగు దగ్గర మరిడమ్మ చెప్పింది, మరిడమ్మ చెప్పింది అని జన్మంతా అంటారు. ఇన్ని ఆలోచనలూ చేశాను. పక్కవాళ్ళలో ఎవరైనా పలుకుతారేమోనని ముగ్గురి ముఖాలూ చూశాను. ఆ ముగ్గురూ నా ముఖం చూస్తున్నారు.

“రాయిదిబ్బ ట్రాఫిక్, ఒక మలుపు తిరిగాను” అంది సెట్టు. “ఎవరైనా ఉన్నారా?”

ఈశ్వర్ దుమ్ము దులిపిన చోటే మళ్ళీ దులిపాడు. దూరంగా కొండల వైపు ఉరిమింది. అధ్యక్షులవారు రేకులకేసి చూస్తూ, ఇక్కడ ఒక ఫ్యాను ఉంటే బాగుండునన్నారు.

“రెండో మలుపు తిరిగాను. ఎవరూ లేనట్టుంది. నీళ్ళే అనుకుంటున్నాను. దిగుతున్నాను.”

ఆ గొంతులో బెదురు లేదు. పలకనివాళ్ళ మీద కోపం కూడా లేదు. జవాబు రాకపోవడానికి మా పిల్ల అంత బాగా అలవాటుపడిపోయింది. అప్పుడు ఈశ్వర్ చేతిలోంచి సెట్టును లాక్కున్నాను. ఎక్కడ నొక్కాలో తెలియక ఉన్నవన్నీ నొక్కాను. ఏదో ఒకటి పట్టుకుంది.

“శ్రావణీ, దిగకు! పైకెల్లిపో! నానే, అమ్మని. అవి నీల్లు కావే, నెత్తళ్ళు. మూడంకె మీద పరిసినవి నావే. రెండంకె మీద సూరయ్య బావ వడ్లు. ఆ ఓరకి నల్లగా ఉన్నవి జగన్నాధం బాబు నువ్వులు, మేనల్లుడి పేరు మీద పోసినారు. అన్నీ ఎత్తేస్తాం. ఎత్తినాక నానే పిలుస్తాను, అందాకా తిరుగుతుండు. ఎవలూ నేరనుకున్నావేమో తల్లీ. నలుగురం ఉన్నాం. మొదట్నించీ నీ మాట ఇంతానే ఉన్నాం.”